పసిబిడ్డకు పాలు పడవనే అనుమానం వచ్చినప్పుడు

(ట్రస్టు వార్షిక ఉపకార వేతనాల పంపిణీ సభలో, పిల్లల వార్డులో నర్సుగా పనిచేసి పదవీ విరమణ పొందిన మన పూర్వ విద్యార్థిని చేసిన ప్రసంగ పాఠం. సభకు వచ్చిన తల్లుల కోరికపై ప్రచురిస్తున్నాము.)



ఇటువంటి సభలో మాట్లాడమంటే అందరూ చదువు గురించి, క్రమశిక్షణ గురించి చెబుతారు. నేను మాత్రం బాలింత తాగే చాయ్ గురించి, పసిబిడ్డ తడిపిన గుడ్డ గురించి చెప్పబోతున్నాను. పెద్దలు మన్నించాలి. ఇక్కడ కూర్చున్న తల్లులలో సగం మంది పొద్దున బీడీలు చుట్టి, ఆ చాట పక్కన పెట్టి వచ్చినవారే. మీకు పనికివచ్చే మాట ఒక్కటైనా చెప్పి వెళ్ళాలని నా కోరిక.

1986లో నేను నర్సింగు శిక్షణలో చేరినప్పుడు మా బాపు పవర్లూమ్ కార్ఖానాలో చద్దర్లు నేసేవాడు. అమ్మ బీడీలు చుట్టేది. ఇంట్లో నలుగురం పిల్లలం. పుస్తకాలకు డబ్బు లేదు. మన ట్రస్టు ఇచ్చిన ఉపకార వేతనంతో పుస్తకాలు కొనుక్కున్నాను. దానితో పాటు అర డజను నోటుబుక్కులు కూడా ఇచ్చారు. వాటిలో ఒకటి చాలా ఏళ్ళు ఖాళీగా ఉండిపోయింది. అది నాకు ఎప్పుడు అక్కరకు వచ్చిందో ఈ రోజు చెబుతాను.

మా ఇంట్లో జరిగింది

1995లో మా పెద్దమ్మాయి పుట్టింది. కాన్పు బాగా జరిగింది. బిడ్డ బాగా తాగేది, బరువు బాగా పెరిగేది. ఏడో వారంలో ఒక రోజు గుడ్డ మార్చబోతే మలంలో జిగట, ఆ జిగటలో ఎర్రటి దారపు పోగుల్లాగా రక్తం కనిపించింది. నా గుండె ఆగినంత పనైంది. వార్డులో ఇతరుల పిల్లలకు చూసినప్పుడు ధైర్యం చెప్పినదాన్నే, నా బిడ్డకు వచ్చేసరికి చేతులు వణికాయి.

ఒక డాక్టరు గారికి చూపించాము. ఆయన హడావుడిలో ఉన్నారు. “మీ పాలు పాపకు పడటం లేదు, ఆపేసి డబ్బా పాలు పట్టండి” అన్నారు. నర్సునై ఉండి కూడా నేను ఎదురు ప్రశ్న వేయలేదు. బయటికి వచ్చి డబ్బా కొన్నాము. ఆ రోజుల్లో మా ఆయన నాలుగు రోజుల కూలి దానికే పోయింది.

రెండు రోజులు పట్టాను. బిడ్డ కక్కడం మొదలుపెట్టింది, చెంపల మీద దద్దు వచ్చింది, రక్తం తగ్గలేదు సరికదా ఎక్కువైంది. రెండో రాత్రి రొమ్ములు గట్టిపడి జ్వరం వచ్చినట్టుంటే నిద్ర పట్టక కూర్చున్నాను. డబ్బా చేతిలో ఉంది. ఊరికే దాని మీది అక్షరాలు చదివాను. అందులో ఏమేమి ఉన్నాయో రాసిన చోట మొదటి మాటే పాల పొడి. ఆవు పాల పొడి.

అప్పుడు తట్టింది. బిడ్డకు నిజంగా పడనిది ఆవు పాలే అయితే, ఇప్పుడు నేను పట్టేదే ఆవు పాలు కదా!

పొద్దున్నే మా అత్తమ్మకు చెప్పాను. ఆమె అక్షరం రాని మనిషి. పదేళ్ళ వయసు నుండి కండెలు చుట్టిన చేతులు. ఆమె అన్న మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. “బట్టల గీత వడితే ఏ పోగు తెగిందో సూస్తం బిడ్డా, పడుగంత కోసి పారేస్తమా? నీ పాలు ఆపకు. ఇంకో డాక్టరు దగ్గరికి పోదాం పా.”

రెండో డాక్టరు గారు పెద్దావిడ. బిడ్డను పూర్తిగా పరీక్షించి, బరువు చూసి, మలం పరీక్ష చేయించి, నెమ్మదిగా చెప్పారు. “నీ పాలు మంచివే. నువ్వు తాగే చాయ్‌లోని పాలలో ఉన్న ఒక పదార్థం నీ పాలలోకి అణుమాత్రం వస్తోందేమో. ఇది అనుమానం మాత్రమే. పాపకు తల్లి పాలే ఇవ్వు. నువ్వు రెండు వారాలు పాలు, పెరుగు, నెయ్యి మాను. ఏ రోజు ఏం తిన్నావో, పాప మలం ఎలా ఉందో రాసి పెట్టు. తరువాత మళ్ళీ తిని చూద్దాం.”

ఆ రాయడానికే ట్రస్టు వారిచ్చిన ఖాళీ నోటుబుక్కు బయటికి తీశాను.

అలర్జీ అంటే ఏమిటి, ఏమి కాదు

ఇక్కడ కొంచెం వివరంగా చెప్పాలి. పాలలో చక్కెర ఉంటుంది, కొవ్వు ఉంటుంది, మాంసకృత్తులు ఉంటాయి. పసిపిల్లలకు వచ్చే పాల అలర్జీ ఈ మాంసకృత్తుల వల్ల వస్తుంది. శరీరం వాటిని శత్రువు అనుకుని ఎదిరిస్తుంది. చాలా మంది దీనిని పాల చక్కెర అరగకపోవడంతో కలిపి మాట్లాడుతారు. అది వేరు, ఇది వేరు. తల్లి పాలలోనే ఆవు పాల కంటే ఎక్కువ చక్కెర ఉంటుంది, 100 మిల్లీలీటర్లకు సుమారు 7 గ్రాములు. తల్లి పాలు మానినా, తిన్నా ఆ చక్కెర మారదు.

తల్లి తాగిన పాలలోని మాంసకృత్తులు ఆమె పాలలోకి వస్తాయా అంటే కొందరిలో వస్తాయి. కానీ ఎంత? 100 మిల్లీలీటర్ల ఆవు పాలలో మాంసకృత్తులు సుమారు 3 గ్రాములు. తల్లి పాలలోకి చేరేదాన్ని నానోగ్రాములలో కొలుస్తారు. నానోగ్రాము అంటే గ్రాములో వంద కోట్లవ వంతు. అందుకే చాలా మంది పిల్లలకు ఏమీ కాదు. ఏదో కొద్ది మందికే అంత మాత్రం కూడా సరిపడదు.

ఎంత కొద్ది మంది అంటే, 1985లో డెన్మార్కులోని ఒడెన్సే నగరంలో పుట్టిన 1749 మంది పిల్లలను వైద్యులు ఏడాది పాటు గమనించారు. ఆవు పాల అలర్జీ ఉందని తేలినవారు 39 మంది. వారిలో తల్లి పాలు మాత్రమే తాగుతుండగా లక్షణాలు వచ్చినవారు 9 మంది. అంటే వెయ్యికి ఐదుగురు. ఇంకొక సంగతి కూడా వారు గమనించారు. ఆ తొమ్మిది మందికీ పుట్టిన మొదటి రోజుల్లో ఆసుపత్రిలో డబ్బా పాలు పట్టారు. ముందు పట్టిన ఆ పాలే అలర్జీకి దారి తీసి ఉంటాయని ఆ వైద్యులు అనుమానించారు. మన ఇళ్ళలో “ఇంకా పాలు పడలేదు” అంటూ మొదటి మూడు రోజులు ఆవు పాలో, చక్కెర నీళ్ళో పట్టే అలవాటు ఉంది. ఆ అలవాటు మానడానికి ఇదొక కారణం. మొదటి రోజుల్లో వచ్చే చిక్కటి పసుపు ముర్రుపాలు బిడ్డకు చాలు.

మలంలో రక్తం కనిపించిన ప్రతి బిడ్డకూ పాల అలర్జీ ఉన్నట్టు కాదు. 2006లో ఫిన్లాండు వైద్యులు ప్రచురించిన అధ్యయనంలో, మలంలో రక్తం పడిన 40 మంది పసిపిల్లలను పరిశీలిస్తే పాల అలర్జీ తేలింది 18 శాతం మందికే. చాలా మందికి రక్తం దానంతట అదే ఆగిపోయింది. మలం గట్టిగా వచ్చి ఆసనం దగ్గర చిట్లినా రక్తం వస్తుంది. అంటువ్యాధి వల్లా వస్తుంది. కాబట్టి డాక్టరు చూడకుండా మనమే పేరు పెట్టకూడదు.

ఇక ఒట్టి ఏడుపు, ఆకుపచ్చ మలం, కొద్దిగా కక్కడం, పొట్టలో గాలి, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా అలర్జీ అనుకోనక్కరలేదు. మొదటి మూడు నెలల్లో సాయంత్రం పూట ఏడవని పసిబిడ్డ ఏ వాడలోనూ లేదు. రక్తం, జిగట, ఎంతకీ తగ్గని గజ్జి, ఆగని వాంతులు, బరువు పెరగకపోవడం, ఇటువంటివి కనబడితేనే ఈ ఆలోచన చేయాలి.

వెంటనే దవాఖానాకు పోవలసినవి

కొన్ని లక్షణాలకు నోటుబుక్కు తీసి రాస్తూ కూర్చోకూడదు. రక్తం చాలా పడినా, మలం ఎర్రటి జెల్లీలాగా వచ్చినా, బిడ్డ ఉండి ఉండి కాళ్ళు ముడుచుకుని కెవ్వున ఏడ్చినా, పచ్చటి పసరు కక్కినా, పొట్ట ఉబ్బినా, జ్వరం వచ్చినా, పాలు తాగడం మానినా, మూత్రం తగ్గినా, సోలిపోయినా అదే గంటలో దవాఖానాకు తీసుకుపోవాలి. పుట్టిన కొద్ది రోజులకే రక్తం పడితే కూడా ఆలస్యం చేయకూడదు.

అలాగే ఏదైనా పాలు పట్టిన కొద్ది నిమిషాల్లో ఒళ్ళంతా దద్దుర్లు, పెదవులు, ముఖం వాపు, ఊపిరి ఆడకపోవడం వస్తే అది వెంటనే వచ్చే రకం అలర్జీ. అది ప్రాణం మీదికి తెస్తుంది. అటువంటి బిడ్డ విషయంలో ఇంట్లో ఎటువంటి ప్రయోగమూ చేయవద్దు. నేను ఇప్పుడు చెప్పబోయేది నెమ్మదిగా వచ్చే రకానికి, అదీ డాక్టరు చూసి, బిడ్డ మిగతా అన్ని విధాలా బాగుందని చెప్పిన తరువాతనే.

మానడం సగం పని, మళ్ళీ తినడం సగం పని

నెమ్మదిగా వచ్చే రకానికి నమ్మదగిన రక్త పరీక్ష లేదు. వేల రూపాయలు తీసుకుని నూరు పదార్థాల పట్టిక ఇచ్చే పరీక్షలు దీనికి పనికిరావు. ఉన్న పరీక్ష ఒక్కటే. తల్లి పాలు, పాలతో చేసినవి రెండు నుండి నాలుగు వారాలు పూర్తిగా మానాలి. లక్షణాలు తగ్గితే మళ్ళీ ఒక వారం మామూలుగా తీసుకోవాలి. తిరిగి వస్తే అలర్జీ ఉన్నట్టు. రాకపోతే లేనట్టే. అప్పుడు హాయిగా అన్నీ తినవచ్చు.

ఈ రెండో భాగాన్ని అందరూ వదిలేస్తారు. తగ్గింది కదా, మళ్ళీ ఎందుకు కదిలించుకోవడం అనుకుంటారు. కానీ తనంతట తానే తగ్గిందో, పాలు మానినందుకు తగ్గిందో తెలియాలంటే మళ్ళీ తిని చూడక తప్పదు.

మానడం అంటే గ్లాసుడు పాలు మానడం ఒక్కటే కాదు. మన సోలాపూర్‌లో పాలు ఎక్కడెక్కడ దాక్కుంటాయో నేను రాసుకున్న జాబితా చెబుతాను. చాయ్, పెరుగు, మజ్జిగ, కఢీ, నెయ్యి, వెన్న, పేఢా, బర్ఫీ, బాసుంది, శ్రీఖండ్, ఐస్‌క్రీమ్. ఇవి అందరికీ తెలుసు. తెలియనివి టోస్టు, ఖారీ, బన్ను, బిస్కట్లు, చాక్లెట్లు, నెయ్యి రాసిన పూరణ్ పోళీ, పాలు పోసి కలిపిన పిండి. గేదె పాలు, మేక పాలు కూడా మానాలి. “మేక పాలు తేలిక, అవి పడతయి” అని చాలా మంది చెబుతారు. వాటి మాంసకృత్తులు ఆవు పాల వాటిని చాలా వరకు పోలి ఉంటాయి, అందువల్ల అవీ పడవు. ఇప్పుడు పొట్లాల మీద “కంటెయిన్స్ మిల్క్” అని ఆంగ్లంలో రాస్తారు. మిల్క్ సాలిడ్స్, వే, కేసీన్ అనే మాటలున్నా అది పాలే. మీకు చదవడం రాకపోతే మీ పిల్లలతో చదివించండి. ఇంతమంది చదువుకునే పిల్లలున్న వాడ మనది.

నా నోటుబుక్కులో ఏముందంటే, మానిన అయిదో రోజుకు కంటికి కనిపించే రక్తం ఆగింది. పన్నెండో రోజుకు జిగట పోయింది. పదిహేనో రోజు డాక్టరు గారు తిని చూడమన్నారు. నిజం చెబుతున్నాను, నాకు భయం వేసింది. అయినా రెండు కప్పుల చాయ్, గిన్నెడు పెరుగు తీసుకున్నాను. మూడో రోజు గుడ్డలో మళ్ళీ ఎర్ర పోగులు. అప్పుడు ఏడుపు రాలేదు. ఇప్పుడు తెలిసింది కదా అన్న ధైర్యం వచ్చింది.

నా కోసం మా ఆయన కూడా ఇంట్లో పాల చాయ్ మానేశాడు. నిమ్మకాయ పిండిన చాయ్ తాగుతూ “ఇదే బాగుంది” అనేవాడు. రోజూ సాయంత్రం కన్నా చౌక్‌లో పాల చాయ్ తాగి, నోరు పుక్కిలించి ఇంటికి వస్తున్నాడని ఎనిమిది నెలల తరువాత తెలిసింది. అయినా ఆ మర్యాద నాకు నచ్చింది.

తల్లి ఆకలితో ఉండకూడదు

ఇక రెండో ఇంటి కథ. ఇది అయిదారేళ్ళ క్రితం సంగతి. బీడీ కార్మికుల కాలనీ నుండి ఒక అమ్మాయి బిడ్డను తీసుకుని వచ్చింది. బిడ్డకు నాలుగు నెలలు. సాయంత్రాలు ఏడుస్తోందని, మలం పచ్చగా ఉందని ఎవరో ఫోనులో చదివి పాల అలర్జీ అన్నారట. ఆ అమ్మాయి పాలు, పెరుగు మానింది. ఏడుపు తగ్గలేదు. పప్పు మానింది. గుడ్డు మానింది. శెనగకాయల పొడి మానింది, గోధుమ మానింది. మనలో బాలింతకు ముందే ఎన్నో పథ్యాలు. అది వాతం, ఇది చలువ అంటూ పెద్దలు కొన్ని తీసేస్తారు. మిగిలిన వాటిలో సగం ఈ అనుమానం తీసేసింది. చివరికి అన్నం, వెల్లుల్లి కారం మిగిలాయి. రెండు నెలల్లో మనిషి సగమైంది. చాట ముందు కూర్చుంటే కళ్ళు తిరుగుతున్నాయంది.

బిడ్డను తూచాము. చక్కగా పెరుగుతోంది. రక్తం లేదు, గజ్జి లేదు. డాక్టరు గారు ముందు పాలతో మొదలుపెట్టి ఒక్కొక్కటే మళ్ళీ తినమన్నారు. ఏమీ కాలేదు. నెల తిరిగేసరికి సాయంత్రపు ఏడుపు కూడా పోయింది. వయసుతో పోయేదే పోయింది. ఆ బిడ్డకు ఏ అలర్జీ లేదు. జబ్బు చేసింది తల్లికి, అదీ తిండి లేక.

అందుకే చెబుతున్నాను. ఒకసారి ఒక్కటే మానండి, అదీ గడువు పెట్టుకుని. పాలు మానినా నాలుగు వారాల్లో తేడా లేకపోతే మళ్ళీ తినడం మొదలుపెట్టి డాక్టరును అడగండి. పాలు పడని పిల్లల్లో కొందరికి సోయా కూడా పడదు. కానీ అది మానాలా వద్దా అన్నది డాక్టరు చెప్పాలి, పక్కింటివారు కాదు.

పాలు మానిన తల్లికి ముఖ్యంగా తగ్గేది కాల్షియం. పాలిచ్చే తల్లికి రోజుకు 1200 మిల్లీగ్రాములు కావాలని జాతీయ పోషకాహార సంస్థ 2020 నాటి ప్రమాణం. గ్లాసుడు పాలలో సుమారు 240 ఉంటుంది. అది మానితే ఎక్కడి నుండి తెస్తాం? 100 గ్రాముల రాగి పిండిలో 350 దాకా ఉంటుంది. పొట్టు తీయని నువ్వులు రెండు పెద్ద చెంచాలు తింటే 200 పైనే. మునగాకు, మెంతి, ముళ్ళతో తినే చిన్న చేపలు కూడా మంచివి. జొన్న రొట్టె మీద శెనగకాయల పొడి మన ఊరి తిండి. అందులో నువ్వులు కలపండి. పప్పు, గుడ్డు, మాంసం ఎందుకూ మానవద్దు. బాలింతకు అళీవ్ ఖీరు పాలతో చేస్తాం కదా, దానిని కొబ్బరి పాలు, బెల్లంతో చేసుకోవచ్చు. డింకు లడ్డు నెయ్యికి బదులు నూనెతో చేసుకోవచ్చు.

తిండితో పాటు బిళ్ళలు కూడా వేసుకోవాలి. గర్భం నాలుగో నెల నుండి కాన్పు అయిన ఆరు నెలల దాకా రోజుకు రెండు కాల్షియం బిళ్ళలు, ఒక్కొక్కటి 500 మిల్లీగ్రాములు, వేసుకోవాలని ప్రభుత్వ మార్గదర్శకాలు 2014 నుండి ఉన్నాయి. వాటిని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో, ఆశా కార్యకర్త వద్ద అడగండి. ఒక జాగ్రత్త. కాల్షియం బిళ్ళ, రక్తానికి వేసుకునే ఇనుము బిళ్ళ ఒకేసారి మింగకూడదు. ఒకదాని వల్ల రెండోది ఒంటపట్టదు. కనీసం రెండు గంటల తేడా ఉండాలి.

బీడీలు చుట్టే తల్లులకు ఇంకొక మాట. అలర్జీకి దీనికి సంబంధం లేదు గాని, చెప్పకుండా వెళ్ళలేను. బిడ్డను ఎత్తుకునే ముందు చేతులు సబ్బుతో కడగండి. పైట మార్చుకోండి. తంబాకు ధూళిలో ఉండే నికోటిన్ బిడ్డకు మంచిది కాదు. చాటకు, బిడ్డ పడుకునే చోటుకు దూరం ఉంచండి. పని మధ్యలో పాలివ్వడానికి లేస్తే నాలుగు బీడీలు తగ్గుతాయని నాకు తెలుసు. మా అమ్మ కూడా ఆ లెక్కలోనే నన్ను పెంచింది.

ఎన్నాళ్ళు?

అలర్జీ అని తేలిన తరువాత తల్లులు అడిగే మొదటి ప్రశ్న ఇది. జన్మంతానా? కాదు. చాలా మంది పిల్లలు దీని నుండి బయటపడతారు. మలంలో రక్తం మాత్రమే పడే రకమైతే ఎక్కువ మందికి ఏడాది నిండేసరికి పోతుంది. కొందరికి మూడు నాలుగేళ్ళు పట్టవచ్చు. సాధారణంగా బిడ్డకు తొమ్మిది నుండి పన్నెండు నెలలు వచ్చేదాకా, లేదా కనీసం ఆరు నెలలు మాని, తరువాత డాక్టరు సలహాతో మెట్టు మెట్టుగా మొదలుపెడతారు. ముందు బాగా కాలిన బిస్కటు ముక్క, తరువాత ఇంకొంచెం, తరువాత పెరుగు, చివరకు పాలు. అంతదాకా తల్లి పాలు ఆపనక్కరలేదు. మొదటి ఆరు నెలలు తల్లి పాలు మాత్రమే, తరువాత తిండితో పాటు రెండేళ్ళు, ఆపైన కూడా ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది ఈ పిల్లలకూ వర్తిస్తుంది.

ఏ కారణం చేతనైనా తల్లి పాలు ఇవ్వలేని స్థితి వస్తే, అటువంటి పిల్లల కోసం మాంసకృత్తులను విడగొట్టి చేసిన ప్రత్యేకమైన పొడి ఉంది. అది చాలా ఖరీదు. డాక్టరు రాసి ఇస్తేనే వాడాలి. మామూలు డబ్బా దానికి బదులు కాదు. డబ్బా పాలకు ప్రకటనలు ఇవ్వకూడదని, తల్లులకు ఉచితంగా పంచకూడదని మన దేశంలో 1992లోనే చట్టం వచ్చింది, 2003లో దానిని ఇంకా గట్టి చేశారు. ఎవరైనా ఉచితంగా డబ్బా చేతిలో పెడితే ఆ చట్టం గుర్తు చేసుకోండి.

నా విషయంలో రెండు రోజులు ఆపిన పాలు మళ్ళీ పూర్తిగా రావడానికి పది రోజులు పట్టింది. పగలు రాత్రి గంటన్నరకు ఒకసారి రొమ్ముకు పెట్టాను. ఆ పది రోజులు వంట, బట్టలు, నీళ్ళు అన్నీ మా అత్తమ్మ చూసుకుంది. ఆమె ఆ ఒక్క సాయం చేయకపోతే నా డిగ్రీ ఎందుకూ పనికివచ్చేది కాదు. కాబట్టి ఇక్కడున్న అత్తమ్మలకు, మామయ్యలకు, భర్తలకు నా విన్నపం. అనుమానం వచ్చిన ఇంట్లో తల్లిని నిందించకండి. “ఏం తిన్నవ్, ఏం తిన్నవ్” అని అడగడం మాని, ఏం వండి పెట్టమంటావని అడగండి.

మా అమ్మాయి పదకొండో నెలలో బిస్కటు తిన్నది, పద్నాలుగో నెలలో పాలు తాగింది. ఇప్పుడు ఆమెకు ముప్పై ఏళ్ళు. పెరుగు లేనిదే చివరి ముద్ద దిగదు.

ఈ రోజు ఉపకార వేతనం తీసుకుంటున్న ఆడపిల్లలకు, మగపిల్లలకు కూడా ఒక మాట చెప్పి ముగిస్తాను. చదువు ఉద్యోగం కోసమే అనుకోవద్దు. ఆ రాత్రి నా బిడ్డను కాపాడింది డబ్బా మీది అక్షరాలు చదవడం, చదివిన తరువాత ఒక ప్రశ్న అడగడం. రెండు రోజులు ఆలస్యంగా అడిగాను. మీరు ఆలస్యం చేయకండి. మీలో ఒకరైనా పిల్లల డాక్టరో, పోషకాహార నిపుణులో అయి మన వాడకు తిరిగి రావాలి. తెలుగులో, మరాఠీలో, మా అత్తమ్మ లాంటి వారికి అర్థమయ్యే మాటల్లో చెప్పే మనిషి మనకు ఇంకా కావాలి.

ఆ నోటుబుక్కు ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఈ రోజు వెంట తెచ్చాను. చూడదలచిన తల్లులు సభ అయ్యాక వచ్చి చూడవచ్చు. ఎడమ పేజీలో నేను తిన్నవి, కుడి పేజీలో పాప సంగతులు. గీతలు గీసుకుంటే చాలు, ఎవరైనా రాయవచ్చు. రాయడం రానివారు చెబితే రాసిపెట్టడానికి మీ పిల్లలున్నారు.